చెరకు దీవిలో కోరంగి వాళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి అని ఒక ఊరు వస్తుంది. ఇప్పుడు ఆ పేరు చెబితే చాలామందికి మడ అడవులు గుర్తొస్తాయి. చెక్క వంతెన మీద కాసేపు నడిచి, పడవ ఎక్కి, నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. నేనూ మొదటిసారి అలాగే వెళ్లి వచ్చాను. కానీ రెండు వందల ఏళ్ల కిందట అది పెద్ద రేవు. ఓడలు కట్టే చోటు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుపాను వచ్చి, సముద్రం ఊరి మీద పడింది. ఆ తర్వాత ఆ రేవు మళ్లీ కోలుకోలేదు.

ఊరు చితికిపోయినా పేరు సముద్రాలు దాటింది. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అన్నారు. ఇటు హిందూ మహాసముద్రంలో, ఆఫ్రికాకు దగ్గరగా ఉన్న మారిషస్ దీవిలోనూ మనవాళ్లని కోరంగి వాళ్లనే పిలిచారు. ఏ రేవులో ఓడ ఎక్కారో ఆ పేరే వాళ్లకి జాతి పేరైంది. ఈ పూట ఆ మారిషస్ గురించి చెప్పుకుందాం.

చిన్న దీవి. రెండు వేల చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. పాత తూర్పు గోదావరి జిల్లాలో అయిదో వంతు ఉంటుందేమో. జనాభా 12 లక్షల పైచిలుకు. ఈ దేశంలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. అక్కడ ఆదివాసులంటూ ఎవరూ లేరు. ఇప్పుడున్న ప్రతి మనిషి ముత్తాతో, వాళ్ల ముత్తాతో ఎక్కడి నుంచో ఓడ మీద వచ్చి దిగినవాడే. కొందరు తుపాకీ పట్టుకుని దిగారు, కొందరు సంకెళ్లతో దిగారు, కొందరు వేలిముద్ర వేసిన కాగితంతో దిగారు.

1598లో డచ్చివాళ్లు వచ్చారు. తమ రాకుమారుడు మారిస్ పేరు దీవికి పెట్టారు. ఎగరలేని డోడో పక్షి అక్కడే ఉండేది, వాళ్లొచ్చిన వందేళ్ల లోపే అంతరించిపోయింది. పోతూ పోతూ వాళ్లు ఒకటి వదిలి వెళ్లారు, చెరకు. 1639లో జావా నుంచి తెచ్చి నాటారు. ఈ దీవి కథంతా ఆ గెడ చుట్టూ తిరిగిందే. 1710లో డచ్చివాళ్లు వెళ్లిపోయారు, 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చారు. పోర్ట్ లూయీ రేవును కట్టింది, మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ తీరం నుంచి వేలమందిని బానిసలుగా తెచ్చి తోటల్లో దింపింది వాళ్లే.

ఇంగ్లీషువాళ్ల ఓడలు ఇండియాకు వస్తూ పోతూ ఉంటే, పోర్ట్ లూయీ నుంచి ఫ్రెంచి ఓడలు వెళ్లి వాటిని కొల్లగొట్టేవి. ఆ బెడద వదిలించుకోవడానికి 1810 డిసెంబరులో ఇంగ్లీషువాళ్లు దీవిని పట్టుకున్నారు. అంతకు ముందు ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ దగ్గర జరిగిన యుద్ధంలో మాత్రం ఫ్రెంచివాళ్లదే గెలుపు. పారిస్‌లోని విజయ తోరణం మీద ఆ పేరు ఇప్పటికీ చెక్కి ఉంది. 1814 ఒప్పందంతో దీవి బ్రిటిష్ వలస అయింది. అయితే భూములున్న ఫ్రెంచి దొరలను కదిలించలేదు. వాళ్ల భాష, వాళ్ల చట్టం, వాళ్ల మతం ఎలా ఉన్నవి అలాగే ఉంచారు. అందుకే ఈనాటికీ అక్కడ పార్లమెంటు ఇంగ్లీషులో నడుస్తుంది, పేపర్లు ఎక్కువగా ఫ్రెంచిలో వస్తాయి, ఇంట్లో, బజార్లో జనం ఫ్రెంచి మాటల నుంచి పుట్టిన క్రియోల్ అనే భాష మాట్లాడుకుంటారు.

1825లో మారిషస్ చక్కెర మీద ఇంగ్లండులో సుంకం తగ్గించారు. ఇంకేముంది, కనిపించిన నేలంతా చెరకే. పదేళ్లు తిరిగేసరికి, 1835 ఫిబ్రవరి 1న, అక్కడ బానిసత్వం రద్దయింది. 60,000 మందికి పైగా బానిసలున్నారు. మొత్తం 20 లక్షల పౌన్ల పరిహారం ఇచ్చారు. ఎవరికి? బానిసల యజమానులకి. బానిసత్వంలో బతుకులు కరిగిపోయినవాళ్లకి ఒక్క పెన్నీ ఇవ్వలేదు. పైగా ఇంకో నాలుగేళ్లు అదే దొర దగ్గర పని చేయించారు. ఆ గడువు తీరగానే వాళ్లలో చాలామంది చెరకు తోటలను వదిలి వెళ్లిపోయారు. దీవికి నైరుతి మూల ల మోర్న్ అని ఒక కొండ ఉంది. పారిపోయిన బానిసలు తలదాచుకున్న కొండ. విడుదల వార్త చెప్పడానికి వస్తున్న సిపాయిలను చూసి, తమను పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు పై నుంచి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

వాళ్లు పోతే చెరకు నరికేది ఎవరు? దొరల చూపు ఇండియా మీద పడింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలతో కలకత్తా నుంచి పోర్ట్ లూయీ చేరింది. పని బాగా నడిచిందనుకున్నారు, ఇక ఓడల మీద ఓడలు. మధ్యలో, కూలీలను మోసగించి ఎక్కిస్తున్నారన్న గొడవ లేచి, కొన్నేళ్లు వలస ఆపారు. మళ్లీ తలుపు తెరిచాక ఒక్క 1843లోనే 30,000 మందికి పైగా దిగారు. 20వ శతాబ్దం తొలి ఏళ్ల వరకూ లెక్కిస్తే దాదాపు నాలుగున్నర లక్షల మంది. ఎక్కువమంది బీహారు వైపు భోజ్‌పురి వాళ్లు. తర్వాత తమిళులు, తెలుగులు, మరాఠీలు. మనవాళ్లు చాలావరకు ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి తీరం నుంచి వెళ్లారు. కొందరు కోరంగిలో ఓడ ఎక్కారు, కొందరు మద్రాసు దాకా వెళ్లి ఎక్కారు.

ఎందుకు వెళ్లారు? కరువులు, అప్పులు, శిస్తులు. దానికి తోడు దళారుల మాటలు. ఆ దీవిలో రాయి కదిలిస్తే కింద బంగారం దొరుకుతుందని చెప్పి తీసుకెళ్లారట. ఈ మాట మారిషస్‌లో తాతలు మనవలకి చెప్పే కథ. రాళ్లు మాత్రం నిజంగానే కదిలించారు. అది అగ్నిపర్వతం లేపిన దీవి, నేలంతా నల్లరాయి. చెరకు వేయాలంటే ముందు రాళ్లు ఏరాలి. చేతులతో ఏరి, మోసి, పొలం మధ్యలో గుట్టలుగా పోశారు. ఆ గుట్టలు ఇప్పటికీ చెరకు తోటల మధ్య కనబడతాయి. వాటి మీద ఎవరి పేరూ రాసి లేదు.

ఒప్పందం అయిదేళ్లు. మగవాడికి నెలకు అయిదు రూపాయలు. తొలి ఒప్పందాల్లో రోజుకు కిలోకి కాస్త తక్కువ బియ్యం, దాదాపు పావుకిలో పప్పు, కాస్త ఉప్పు, నూనె ఇస్తామని రాశారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరమొచ్చి పడుకున్నా అంతే. నెలాఖరుకి లెక్క చూసుకుంటే చేతికి వచ్చేది ఎంతో మీరే ఊహించండి. ఒప్పందం తీరినవాడైనా జేబులో టికెట్టు లేకుండా రోడ్డు మీద నడవకూడదు. ఆ టికెట్టు మీద అతని నంబరు, 1860ల నుంచి ఫొటో కూడా. టికెట్టు మరిచిపోయి పక్క తోటలో ఉన్న తమ్ముడిని చూడబోయినవాడిని కూడా దేశదిమ్మరి కింద పట్టుకుని జైల్లో వేయొచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1866 నుంచి 68 దాకా, మలేరియా వచ్చి వేలకు వేల ప్రాణాలు తీసింది.

వాళ్ల తరఫున గట్టిగా మాట్లాడిన తొలి తెల్లవాళ్లలో ఒకరి పేరు చెప్పి తీరాలి. అడోల్ఫ్ ద ప్లెవిట్జ్. ఆయన 1871లో కూలీల చేత వేల సంతకాలతో అర్జీ పెట్టించాడు. తోటల యజమానులు ఆయన మీద మండిపడ్డారు. అయినా ఆ అర్జీ వల్లే లండన్ నుంచి విచారణ సంఘం వచ్చింది, కూలీల గోడు ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. తర్వాత 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి వస్తూ దారిలో కొన్ని రోజులు అక్కడ ఆగారు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని చెప్పారు. 1907లో మణిలాల్ డాక్టర్ అనే లాయరు వెళ్లి కూలీల కేసులు వాదించారు.

ఇంతలో కూలీలు ఒక పని చేశారు. అయిదు రూపాయల్లోనే కూడబెట్టారు. 19వ శతాబ్దం చివర చక్కెర ధర పడిపోయి, దొరలు తోటలను ముక్కలు చేసి అమ్మకానికి పెడితే, ఆ ముక్కలు కొన్నారు. అలా కొత్త ఊళ్లు లేచాయి, గుళ్లు లేచాయి. కూలివాడి కొడుకు రైతయ్యాడు, మనవడు మాస్టారయ్యాడు. ఈ దేశపు చరిత్ర ఎప్పుడు చదివినా నేను ఎక్కువసేపు ఆగిపోయేది ఇక్కడే.

స్వాతంత్ర్యం 1968 మార్చి 12న వచ్చింది. గాంధీగారి దండి యాత్ర మొదలైన రోజని ఆ తేదీ ఎంచుకున్నారు. శివసాగర్ రామ్‌గులామ్ తొలి ప్రధాని. అందరూ సంబరపడ్డారని చెబితే అబద్ధమే. అంతకు ముందు ఏడాది ఎన్నికల్లో 44 శాతం ఓట్లు స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికి పడ్డాయి. భారతీయుల రాజ్యం వస్తుందని మిగతావాళ్లకి భయం. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో గొడవలై మనుషులు చచ్చిపోయారు. చాలా కుటుంబాలు ఆస్ట్రేలియా వెళ్లిపోయాయి.

వెళ్తూ వెళ్తూ బ్రిటన్ ఒక పెద్ద గాయం చేసింది. 1965లో ఛాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసి, చేతిలో 30 లక్షల పౌన్లు పెట్టింది. అందులోని డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం వచ్చింది. అక్కడ తరతరాలుగా ఉన్న జనాన్ని 1973 కల్లా ఖాళీ చేయించి, పోర్ట్ లూయీలో, సీషెల్స్‌లో దింపేశారు. ఆ విడదీయడం చట్టప్రకారం జరగలేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో అభిప్రాయం చెప్పింది. దీవులను మారిషస్‌కి అప్పగిస్తూ 2025 మేలో రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. స్థావరం మాత్రం 99 ఏళ్ల లీజు మీద అక్కడే ఉంటుందని రాసుకున్నారు. పుట్టిన ఇంటికి మళ్లీ వెళ్లాలని ఎదురు చూస్తూనే కన్నుమూసిన వాళ్లకి ఏ సంతకమూ పనికిరాదు కదా.

ఇక ఆర్థిక సంగతి. తర్వాత నోబెల్ అందుకున్న ఇంగ్లీషు ఆర్థికవేత్త జేమ్స్ మీడ్, 1961లోనే ఈ దేశం గురించి దిగులుగా రాశారు. చెరకు తప్ప పంట లేదు, జనాభా పెరిగిపోతోంది, జాతుల మధ్య పొసగదు అన్నారు. ఆయన భయాలు ఉత్తవేం కాదు. అయినా దేశం నిలబడింది. యూరప్‌తో ఒప్పందం కుదుర్చుకుని ఏటా అయిదు లక్షల టన్నుల దాకా చక్కెర మంచి ధరకి అమ్ముకుంది. 1970లో ఎగుమతి ఫ్యాక్టరీలకి రాయితీలిచ్చింది, బట్టల మిల్లులు వచ్చాయి. వేలమంది ఆడపిల్లలు మొదటిసారి జీతం తెచ్చారు. తర్వాత టూరిజం, బ్యాంకింగ్. 1980ల మొదట్లో ఇండియాతో కుదిరిన పన్ను ఒప్పందం వల్ల మన స్టాక్ మార్కెట్లోకి వచ్చే విదేశీ డబ్బులో పెద్ద భాగం ఎన్నో ఏళ్లు మారిషస్ చిరునామాతోనే వచ్చింది. 2016లో ఆ ఒప్పందం మార్చారు. చక్కెరకి యూరప్ ఇచ్చిన హామీ ధర 2009లో పోయింది. ఇప్పుడు చెరకు పిప్పితో కరెంటు తీస్తున్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, అక్కడి మనవాళ్లు ఒక ఎత్తు. ఉగాదికి మారిషస్‌లో దేశమంతటా సెలవు. ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిన రోజుకీ, నవంబరు 2న కూలీల ఓడ దిగిన రోజుకీ సెలవే. బానిసల వారసులు మేకతోలు రవాన్ డప్పుని మంట మీద కాచి, వాయిస్తూ సెగా అనే నాట్యం ఆడతారు. మనవాళ్లు దీపస్తంభం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామభజన చేస్తారు. సింహాద్రి అప్పన్నకి పూజ, అమ్మోరికి పండగ. అప్పడు, అప్పలసామి, సన్యాసి అనే పేర్లు అక్కడ ఇంటిపేర్లు. ఓడ దిగిన కూలీల పేర్లు నమోదు చేసే డిపోలో గుమాస్తా తనకి వినిపించినట్టు తండ్రి పేరు రాసుకుంటే, అది తరాల వెంట నడిచింది. ఆ పేర్లు వింటే విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1940లలోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇళ్లల్లో ఇప్పుడు క్రియోలే. తెలుగు మాత్రం బడిలో నేర్చుకుంటారు, గుడిలో పాడతారు. ప్రభుత్వ రేడియోలో తెలుగు కార్యక్రమం కూడా వస్తుంది.

పోర్ట్ లూయీ రేవులో కూలీలు దిగి ఎక్కిన 16 రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. మోకా అనే ఊళ్లో మహాత్మాగాంధీ సంస్థ ఉంది. వచ్చిన ప్రతివాడి నంబరు, తండ్రి పేరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చ, ఊరి పేరు రాసిన రిజిస్టర్లు అక్కడ దాచారు. అక్కడివాళ్లు వాటిలో తమ ముత్తాతను వెతుక్కుని, ఊరి పేరు కాగితం మీద రాసుకుని మన దేశం వస్తుంటారు. ఆ ఊళ్ల పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవిన పడినట్టు వంకరగా ఉంటాయి. కాస్త గట్టిగా నాలుగుసార్లు చదివితే గానీ మనకి అంతుపట్టదు.

ఎప్పుడైనా మీ ఊళ్లో బస్సు దిగి, అలాంటి కాగితం చూపించి, వచ్చీరాని తెలుగులో ఎవరైనా దారి అడిగితే, తొందరపడి తెలియదనకండి. ఆ పేరు మీ ఊళ్లో పెద్దవాళ్ల చేత ఒకసారి చదివించండి. ఒక పూట భోజనం పెట్టి, చెరువు గట్టు, రామాలయం చూపించి పంపండి. సెలవు.