పెరటి కోళ్లలో నట్టలు: మందు కలిపే ముందు

అందరికీ నమస్కారం. ఇందాక మెట్లెక్కుతుంటే ఒకాయన ఆపి, "డాక్టరు గారూ, ప్రసంగం తర్వాత వింటాను గానీ, ముందు ఆ మందు పేరొకటి చెప్పండి, రాసుకుంటాను" అన్నారు. ఆయన వెనక వరసలో కూర్చున్నారు, చూశాను. పేర్లు చెప్తానండీ, దాచుకోను. కాకపోతే పేరు ఒకటి కాదు, నాలుగైదున్నాయి. ఏది వాడాలన్నది కోడి పేగులో ఉన్న నట్ట, అంటే పురుగు, ఏదో తెలిశాకే తేలుతుంది. ఈ వృత్తిలో నేను చూసిన వృథాలో సగం, ఉన్న పురుగుకి పనిచేయని మందు పోయడం వల్ల జరిగిందే.

అందరికీ తెలిసినది ఏలికపాము. శాస్త్రంలో అస్కారిడియా గాల్లి. తెల్లగా, నున్నగా ఉంటుంది, ఆడది 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కుప్పలుగా చేరితే చిన్న కోడి పేగుకి అడ్డం పడి చంపేయగలదు. ఎప్పుడో ఒకసారి దారి తప్పి గుడ్డులోకి కూడా చేరుతుంది. ఆ గుడ్డు పగలగొట్టినవాళ్లు మళ్లీ చాలా రోజులు గుడ్డు ముట్టరు. మనుషులకు అది అంటుకోదు, భయం లేదు.

గుడ్డిపేగుల్లో, అంటే పేగుకి అతుక్కుని చివర మూసుకుపోయి ఉండే రెండు గొట్టాల్లో, ఉండే పురుగు హెటెరాకిస్. సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. కోడికి తనంతట తాను పెద్దగా కీడు చేయదు. దాని గుడ్డులో దాక్కుని హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి ప్రయాణం చేస్తుంది, అదీ అసలు సమస్య. కోళ్లు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి, టర్కీలు తట్టుకోలేవు, కాలేయం పాడై చస్తాయి. కోళ్లు తిరిగిన నేల మీద టర్కీలను వదలొద్దని చెప్పేది ఇందుకే.

మూడోది వెంట్రుక పురుగు, కాపిల్లేరియా. కోసి చూసినా బంకలో కలిసిపోయి కంటికి ఆనదు. కోడి చిక్కిపోతుంటుంది, ఎందుకో అంతుపట్టదు. ఇక బద్దెపురుగు. దీని దారి వేరు. గుడ్డు నేరుగా కోడిని పట్టదు. చీమో, పేడపురుగో, ఈగో, నత్తో దాన్ని మింగాలి, ఆ పురుగును కోడి పొడుచుకు తినాలి. రెట్ట మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే దీన్ని అనుమానించండి.

ఐదోది అసలు నట్టే కాదు. కాక్సిడియా అనే ఏకకణ జీవి, రక్తపారుడు తెచ్చేది. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు రెక్కలు వేలాడేసి, ముడుచుకుని, రెట్టలో రక్తం వేస్తుంటే నట్టల మందు పోసి కూర్చోకండి. ఆ మందు దాన్నేమీ చేయదు, ఈలోగా పిల్లలు పోతాయి. దీనికి వాడేది ఆంప్రోలియం. ఆ మందు బి1 విటమిన్‌ను పోలి ఉంటుంది, పరాన్నజీవి మోసపోయి విటమిన్ బదులు దాన్ని పట్టుకుంటుంది. కాబట్టి అదే నీళ్లలో బలానికని విటమిన్లు కలిపితే మందు దెబ్బతింటుంది. మందు ముగిశాక ఇవ్వండి.

రక్తం మాట వచ్చింది కాబట్టి ఇంకొక మాట. కోడి రోజూ కొన్నిసార్లు జిగురుగా, ముదురు గోధుమ రంగులో, దుర్వాసనతో రెట్ట వేస్తుంది. అది గుడ్డిపేగుల రెట్ట, ఆరోగ్యమైనదే. అప్పుడప్పుడు పేగు పొర ఊడి ఎర్రటి పోగులా పడుతుంది, ఒకటో రెండో పడితే కంగారు వద్దు. అర్ధరాత్రి నాకు వచ్చే ఫోటోల్లో చాలావరకు ఈ రెండే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏలికపాము గుడ్డు రెట్టతో బయటపడిన రోజున ప్రమాదకరం కాదు. వెచ్చదనం, తడి దొరికితే రెండు మూడు వారాల్లో లోపల లార్వా, అంటే పిల్ల పురుగు, తయారవుతుంది, అప్పుడు అంటుకునే గుణం వస్తుంది. ఆ తర్వాత తడి నీడలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూడా బతికే ఉంటుంది. దాని పెంకు గట్టిది, మనం చల్లే మామూలు క్రిమినాశినులు లోపలికి దిగవు. వానపాము ఆ గుడ్డును మింగి, తనను తిన్న కోడికి అందిస్తుంది. కోడి పేగులో గుడ్డు పొదిగాక పిల్ల పురుగు పేగు గోడలో కొన్నాళ్లు దూరి ఉంటుంది, తర్వాత బయటికొచ్చి పెరుగుతుంది. మింగిన ఐదు నుంచి ఎనిమిది వారాలకు అదీ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. పేగులో పదుల్లో ఉన్న చోట, నేలలో లక్షల్లో ఉంటాయి. మనం మందు పోసేది పదులకి!

పైపరజిన్ సంగతి ఇక్కడే అర్థమవుతుంది. చాలా పాత మందు, చవక, భద్రం. అది ఏలికపామును చంపదు, చచ్చుబడేలా చేస్తే పేగు కదలికకి బయటికి కొట్టుకుపోతుంది. గోడలో దూరిన పిల్లల జోలికి సరిగా పోలేదు. హెటెరాకిస్‌కి, వెంట్రుక పురుగుకి, బద్దెపురుగుకి దాదాపు పనికిరాదు. ఫెన్‌బెండజోల్, ఫ్లుబెండజోల్ ఇంకా విస్తారంగా పనిచేస్తాయి. నీళ్లలో ఇవ్వడానికే తయారైన ఫెన్‌బెండజోల్‌కి ఏలికపాము, హెటెరాకిస్ విషయంలో మోతాదు కిలో బరువుకి రోజుకి 1 మిల్లీగ్రాము, వరసగా 5 రోజులు. పశువులకిచ్చే తెల్లటి ద్రావణం అలా కలవదు, అడుగున పేరుకుంటుంది, చివర తాగిన కోడికి రెట్టింపు పడుతుంది. లెవమిసోల్ కూడా మంచిదే. బద్దెపురుగుకి ప్రాజిక్వాంటెల్. ఈకలు రాల్చే కాలంలో ఫెన్‌బెండజోల్ ఇచ్చే ముందు పశువైద్యుణ్ణి అడగండి, కొత్త ఈకలు వంకర తిరిగే అవకాశం ఉంది.

మోతాదుకి బరువు కావాలి. అంచనా వేయకండి. రెండు మూడు కోళ్లను సంచిలో పెట్టి కాటా వేయండి. తక్కువ మోతాదు పడితే బలహీనమైన పురుగులు చచ్చి మొండివి మిగులుతాయి. టర్కీల ఏలికపాముల్లో ఫెన్‌బెండజోల్‌కి లొంగని రకాలు ఇప్పటికే బయటపడ్డాయి.

నా మూర్ఖత్వం ఒకటి చెప్తాను. మొదట్లో ఒక మంద మొత్తానికి లెక్క తప్పకుండా నీళ్లలో మందు కలిపించి, ధీమాగా వచ్చేశాను. రాత్రి వాన పడింది. పొద్దున్నే కోళ్లన్నీ గుంటల్లో నిలిచిన నీళ్లు తాగాయి, నా మందు తొట్టి నిండుగా అలాగే ఉంది. నెల తర్వాత అవే పురుగులు. అప్పటినుంచి మందు రోజుల్లో మిగతా నీటి దారులన్నీ మూయించి, తొట్టి ఎంత ఖాళీ అయిందో గీత పెట్టి చూడమంటున్నాను.

గుడ్ల గురించి గట్టిగా చెప్తాను. కొన్ని మందుల రూపాలకి గుడ్లు పారేయాల్సిన అవసరం లేదు, కొన్నింటికి రోజుల తరబడి గడువుంటుంది, కొన్ని గుడ్లు పెట్టే కోళ్లకి ఇవ్వనే కూడదు. సీసా మీద చదవండి. ఐవర్‌మెక్టిన్ చాలామంది ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారు. పేగు నట్టల మీద అది అంత నమ్మకమైన మందు కాదు, పైగా గుడ్డులో చాలా రోజులు మిగులుతుంది.

వెల్లుల్లి, గుమ్మడి గింజలు, యాపిల్ వెనిగర్ ఇవ్వండి, కాదనను. తినడానికి వాటికీ సరదా. నట్టలతో నిండిన మందను అవి ఖాళీ చేస్తాయని మాత్రం నమ్మకండి.

మందు ఇచ్చాక ఏం చేస్తారన్నదే నాకు ముఖ్యం. మందు ఇచ్చిన రెండు రోజుల్లో గూటిలో ఊకంతా ఎత్తి దూరంగా కుళ్లబెట్టండి. నీళ్ల తొట్టి చుట్టూ బురద కనబడితే, మీ పెరట్లో నట్టల పుట్టిల్లు అదే, తొట్టి కింద ఇటుకలో పలకలో వేసి పొడిగా ఉంచండి. మేత నేల మీద జల్లొద్దు. ఎండ పడేలా చెట్టు కొమ్మలు నరకండి. స్థలముంటే కోళ్లను వంతులుగా మార్చండి. పిల్లల్ని పెద్ద కోళ్లు తిరిగిన నేల మీద వదలొద్దు. మూడు నెలలు దాటిన కోడికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది, అందుకే పెద్దకోళ్లు బాగానే కనిపిస్తూ పురుగుల్ని పంచుతుంటాయి.

ఇక మందు ఎప్పుడివ్వాలి? మూడు నెలలకొకసారి గుడ్డిగా ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. రెట్ట పరీక్ష చేయించండి. ఐదారు చోట్ల నుంచి తాజా రెట్ట, గుడ్డిపేగుల రెట్ట కూడా కలిపి, డబ్బాలో మూత పెట్టి, అదే రోజు ఇవ్వండి. చిక్కటి ఉప్పు నీళ్లలో కలిపితే నట్టల గుడ్లు పైకి తేలతాయి, మైక్రోస్కోపు కింద లెక్కపెడతాం. మందు అయ్యాక పది పద్నాలుగు రోజులకి మళ్లీ తెండి, పని జరిగిందో లేదో అప్పుడు తెలుస్తుంది. కోడి చచ్చిపోతే పాతిపెట్టే ముందు పరీక్షకి తెండి, ఒక్కటి కోస్తే మంద మొత్తం సంగతి తెలుస్తుంది.

మీలో ముగ్గురు ఈరోజు డబ్బాలు తెచ్చారట. పక్క గదిలో మైక్రోస్కోపు సిద్ధంగా ఉంది. మందు పేరు అడిగిన ఆయన కూడా డబ్బా తెచ్చి ఉంటే, ముందు వారిది చూద్దాం రండి.