విశాఖలో ఫ్యామిలీ ఫొటో షూట్: ముందు సూర్యుడు ఎటున్నాడో చూసుకోండి

[తెర మీద: తెల్లవారుతున్న ఆర్కే బీచ్. వాకింగ్‌కి వచ్చినవాళ్లు. మాట్లాడే వ్యక్తి గోడ మీద కూర్చుని ఉంటాడు.]

నమస్తే అండి. దసరాకి కూతురు వస్తుంది, దీపావళికి అల్లుడు వస్తాడు, కార్తీకంలో వనభోజనాలకి బాబాయిలంతా దిగుతారు. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరేది ఈ నాలుగు రోజులే కాబట్టి ఫొటోలు తీసే మాకు ఫోన్లు కూడా అప్పుడే వస్తాయి. అందులో తరచూ వినే కోరిక ఒకటుంది: "మా వెనకాల సముద్రంలో సూర్యుడు అస్తమిస్తూ ఉండాలండీ."

మన సముద్రం తూర్పున కదా! పొద్దు గుంకేది కొండల వైపు. ఆ ఫొటో కావాలంటే గోవా వెళ్లాలి. ఇక్కడ దొరికేది సూర్యోదయం. శరత్కాలంలో అది ఇంకా బాగుంటుంది. వేసవిలో సూర్యుడు ఎడమకి, కైలాసగిరి వైపు జరిగి లేస్తాడు. శరత్కాలంలో అయితే ఆర్కే బీచ్‌కి దాదాపు ఎదురుగానే వస్తాడు.

[తెర మీద: ఒకే కుటుంబం, రెండు ఫొటోలు. ఒకదాంట్లో మొహాలు నల్లగా, రెండోదాంట్లో వెలుగ్గా.]

నవంబరు మొదట్లో ఆరింటికి కాస్త ముందే పొద్దు పొడుస్తుంది. సూర్యుణ్ణి వెనక పెట్టుకుని నిలబడితే జుట్టు అంచులు బంగారంలా మెరుస్తాయి గానీ, మొహాలు చీకటి. ఎదురుగా ఒకరు తెల్ల థర్మోకోల్ షీటు పట్టుకుంటే ఆ వెలుగు మొహాల మీదకి తిరుగుతుంది. లేదా సముద్రం వైపే చూస్తూ నిలబడండి. అయితే మొదటి అరగంటలోనే. ఇసుక మీద మీ నీడ అంచు గీత గీసినట్టు కనిపిస్తోందంటే, ఇక అందరూ కళ్లు చికిలిస్తారు.

మరి సాయంత్రం పనికిరాదా? వస్తుంది. 5:25 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది, దానికి ముందే బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల నీడ ఇసుక మీద పడుతుంది. ఆ నీడలో సముద్రానికి వీపు పెట్టి నిలబడితే మొహాల మీద వెలుతురు సమానంగా ఉంటుంది. కానీ అప్పటికి సముద్రం గాలి జోరు మీద ఉంటుంది. పైట నిలవదు, జుట్టు నిలవదు. పైగా ఆ జనంలో వెనకాల ఎవరో ఒకరు బజ్జీ తింటూ ఫొటోలో పడతారు. నా ఓటు పొద్దుటికే. ఎప్పుడైనా అలకి వీపు పెట్టినప్పుడు పిల్లల్ని నీళ్లకి దూరంగా ఉంచండి. మన తీరంలో లోతు, లాగుడు రెండూ ఎక్కువ.

ఉదయం బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలు రానివ్వరు. మోకాళ్ల నొప్పులున్న మామ్మగారు ఎంత దూరం నడవాలో ముందే చూసుకోండి. ఆవిడకి కుర్చీ వేస్తే కాళ్లు ఇసుకలో దిగబడతాయి, కింద ప్లైవుడ్ ముక్క పెట్టండి. ఇంకో సంగతి, ఎండకి నల్లబడే కళ్లజోడు అయితే ఫొటోలో ఆవిడ కళ్లే కనిపించవు. మామూలు అద్దాల పాత కళ్లజోడు సంచీలో వేసుకోండి.

[తెర మీద: మంచం మీద వరసగా పరిచిన చీరలు, చొక్కాలు.]

బట్టలు. అందరూ ఒకే రంగు టీషర్టులు వేస్తే బ్యాండుమేళం వాళ్లలా ఉంటారు, నాకైతే నచ్చదు. రెండు మూడు రోజుల ముందే అందరి బట్టలూ మంచం మీద పక్కపక్కన పరిచి ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. ఏది కళ్లకి కొడుతోందో ఇట్టే తెలుస్తుంది. సన్నటి గళ్ల చొక్కా కెమెరాలో లేని చారలు పుట్టిస్తుంది. భారీ జరీ ఎండలో తెల్లగా కాలిపోయినట్టు వస్తుంది. పొందూరు ఖద్దరు లాంటి మీగడ రంగు సముద్రం దగ్గరా బాగుంటుంది, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరా బాగుంటుంది. దిబ్బల దగ్గర ఎరుపు, కాషాయం మాత్రం వద్దు, మట్టిలో కలిసిపోతాయి. అన్నట్టు, నాన్నగారి చొక్కా జేబులో ఫోనూ పెన్నులూ తీయించండి. ఆయన ఒప్పుకోరు, అయినా తీయించండి.

అరకు వలిసె పూల పసుపు కావాలంటే నవంబరులో వెళ్లొచ్చు. అది ఎవరిదో నూనె గింజల పంట, రైతుని అడిగి గట్టు మీదే నిలబడండి. ఘాట్ రోడ్డులో పిల్లలకి వాంతులవుతాయి, ఇంకో జత బట్టలు ఉండాలి.

చివరిగా వాన. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. హుద్‌హుద్ మన మీద పడింది 2014 అక్టోబరు 12న. అందుకే ఒకే తేదీ మీద కూర్చోకండి, రెండో తేదీ కూడా ముందే మాట్లాడండి. అడ్వాన్సు సంగతేమిటో వాట్సాప్‌లో రాయించుకోండి. అల్లుడి రైలు టికెట్టు వల్ల రెండో తేదీ కుదరకపోతే ఇంటి వరండాలోనే తీయించుకోండి. మబ్బు వెలుతురు మొహాలకి ఎండకంటే మంచిది. ట్యూబ్‌లైట్లు మాత్రం ఆపేయండి, రెండు వెలుతుర్లు కలిస్తే ఒక చెంప ఒక రంగు, ఇంకో చెంప ఇంకో రంగు వస్తుంది.