కోళ్ల దొడ్లోకి వచ్చిన నెమలి

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఉండేవాళ్లకు అలారంతో పని లేదు. తెల్లవారుజామునే నెమళ్లు లేపుతాయి. ఆ వైపు మదనపల్లె నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక కుటుంబం ఉంది. దొడ్లో పదిహేను నాటుకోళ్లు, నాలుగు టర్కీ కోళ్లు. ఒక వానాకాలం ఆ ఇంటావిడ ఫోన్ చేసింది.

"సార్, టర్కీలు రెండు చచ్చిపోయినాయి. మూడోది రెక్కలు వాల్చేసి మూల నిలబడింది. రోజూ గోడ మీంచి ఒక నెమలి దిగుతా ఉంది సార్, నూకలు తినేదానికి. దాన్నుంచే అంటుకున్నట్టుంది. ఏదన్నా మందు చెప్పండి."

పశువైద్యుడికి ఫోన్లో మందు పేరు చెప్పడం ఎంతసేపు? నేను అడిగింది వేరే. "రెట్ట ఏ రంగులో ఉందమ్మా?" ఆవిడ వెళ్లి చూసొచ్చింది. "పసుపు నీళ్ల మాదిరి ఉంది సార్."

నా అనుమానానికి అది చాలు. మిగతా కథ చెప్పేముందు రెట్ట గురించి కొంచెం మాట్లాడాలి. భోజనాల వేళైతే క్షమించండి.

ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్ట కాస్త గట్టిగా, గోధుమరంగులో ఉంటుంది. పైన సున్నం చుక్క పెట్టినట్టు తెలుపు. ఆ తెలుపే దాని మూత్రం. అయితే ఎనిమిది పదిసార్లకు ఒకసారి ముదురు చింతపండు గుజ్జులా జిగటగా, కంపు కొడుతూ పడుతుంది. అదీ మామూలే. పేగు చివరి భాగంలో ఉండే రెండు మూసుకుపోయిన సంచుల నుంచి వచ్చేది అది. ఆ సంచులను సీకం అంటాం. చాలామంది దాన్ని చూసి బేదులనుకుని మందులు పోస్తుంటారు. పాపం ఆ కోడి!

రెట్టలో నెత్తురు కనిపిస్తే, అదీ నెల రోజుల పిల్లల్లో అయితే, ముందు రక్తపారుడును అనుమానించాలి. కాక్సిడియోసిస్ అంటే అదే. కంటికి కనిపించని ఏకకణ జీవి పేగు గోడను చీల్చుకుని బయటికి వస్తుంది. కింద పరిచిన ఊక తడిగా ఉంటే రెట్టలో పడ్డ దాని గుడ్లలాంటివి ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించడానికి సిద్ధమవుతాయి. అందుకే వానలు పడ్డప్పుడు ఈ బాధ ఎక్కువ. దీనికి ఆంప్రోలియం ఇస్తాం. ఆ మందు బీ1 విటమిన్‌లా నటించి ఆ జీవికి అసలు బీ1 అందకుండా చేస్తుంది. మనవాళ్లేమో పిల్లలు నీరసంగా ఉన్నాయని అదే నీళ్లలో బీ కాంప్లెక్స్ టానిక్ కూడా కలుపుతారు. ఇక మందు ఏం పనిచేస్తుంది చెప్పండి?

కోడి మెడ చాచి, నోరు తెరిచి ఆవులిస్తున్నట్టు చేస్తుంటే గాలిగొట్టంలో ఎర్రటి పురుగులు ఉండొచ్చు. ఆడది, మగది అతుక్కునే బతుకుతాయి, చూడటానికి ఇంగ్లిష్ వై అక్షరంలా ఉంటాయి. కొక్కెర తెగులులో కూడా కోడి నోరు తెరిచే ఊపిరి తీస్తుంది కాబట్టి చూసీ చూడగానే పురుగుల మందు పోయకండి.

ఇప్పుడు పసుపు రెట్ట దగ్గరికి వద్దాం.

మూడో టర్కీ కూడా బతకలేదు. కోసి చూశాం. కాలేయం నిండా గుండ్రంగా, మధ్యలో నొక్కుకుపోయిన మచ్చలు. ఇందాక చెప్పిన సీకం సంచులు వాచి, లోపల జున్ను ముక్కలా గట్టిపడి ఉంది. ఈ రోగాన్ని బ్లాక్‌హెడ్ అంటారు కానీ ఆ పేరును నమ్ముకోకండి, తల నల్లబడాలని నియమమేమీ లేదు. కారణం హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి. 1895లో థియోబాల్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త టర్కీల్లోనే దీన్ని వర్ణించాడు. బయట రెట్టలో పడితే ఇది గంటల్లో చచ్చిపోతుంది. మరి రోగం ఎలా పాకుతుంది? కోళ్ల సీకంలో హెటరాకిస్ అని చిన్న తెల్లటి పురుగు ఉంటుంది. ఈ జీవి దాని గుడ్డులో దూరి కూర్చుంటుంది. ఆ గుడ్డు మట్టిలో ఏళ్ల తరబడి చెడదు. వానపాము దాన్ని మింగుతుంది, వానపామును పక్షి మింగుతుంది.

నాటుకోడి ఈ రెండింటినీ కడుపులో పెట్టుకుని కూడా గుడ్లు పెడుతూ హాయిగా తిరుగుతుంది. టర్కీ తట్టుకోలేదు. నెమలీ తట్టుకోలేదు. ఆవిడ నెమలిని తిట్టింది కానీ, ఆ దొడ్లో ప్రమాదం కోళ్ల నుంచి నెమలికే ఎక్కువ.

కోళ్ల రెట్ట పరీక్షకు తెమ్మన్నాను. పొద్దున్నే పడ్డ తాజా రెట్ట, నాలుగైదు చోట్ల నుంచి కొంచెం కొంచెం. ఆవిడ మైసూర్ పాక్ డబ్బాలో తెచ్చి బల్ల మీద పెట్టింది. మా అటెండరు మూత తీయబోయాడు. ఆ సంగతి వదిలేద్దాం. పరీక్ష మాత్రం వంటింటి పని లాంటిదే. ఉప్పు ఇక కరగనంత కలిపిన నీళ్లలో రెట్టను చిలికి వడకడితే, పావుగంటలో పురుగుల గుడ్లు పైకి తేలతాయి. వాటిని గాజు పలక మీదికి తీసి మైక్రోస్కోపులో చూస్తాం. హెటరాకిస్ గుడ్లే కనిపించాయి. ఏలికపాము గుడ్లు కూడా దాదాపు అలాగే ఉంటాయి, కాబట్టి కోసిన పక్షి సీకంలో పురుగును కళ్లారా చూశాకే ఖాయం చేశాను. ఈ తేడా తేల్చుకోవడం ఎందుకంటే, షాపులో చవకగా దొరికే పైపరజీన్ ఏలికపాములకు బాగానే పనిచేస్తుంది, ఈ పురుగుకు అంతగా పనిచేయదు. ఫెన్‌బెండజోల్ ఇచ్చాం. కోడిని సంచిలో పెట్టి తూకం వేసి, బరువును బట్టి. డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ కోళ్లు పెట్టే గుడ్లు తినకూడదు.

హిస్టోమోనాస్‌కు మాత్రం చేతిలో మంచి మందు లేదు. మెట్రోనిడజోల్ పనిచేస్తుంది కానీ, మనం తినే పక్షులకు వాడకూడదని చాలా దేశాల్లో నిషేధం ఉంది. అమెరికాలో వాడుతూ వచ్చిన నైటార్సోన్ అమ్మకం కూడా 2015తో ఆగిపోయింది. అందుకే కోళ్లు తిరిగే నేల మీద టర్కీలను పెంచొద్దని చెప్పాను. మిగిలిన ఒక్క టర్కీని ఆవిడ హోస్కోటెలో ఉన్న తమ్ముడి ఇంటికి పంపించేసింది, అక్కడ కోళ్లు లేవు.

ఇక నెమలి సంగతి. అది 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టుకోకూడదు, పెంచకూడదు. జబ్బుగా కనిపించినా మీరే పట్టి మందు పోయకండి, అటవీ శాఖకు చెప్పండి. మీ వంతు పని ఒకటుంది. నూకలు నేల మీద చల్లకుండా కోళ్ల గూటి లోపల తొట్టెలో పోసి తలుపు వేయండి.

రెండు వారాల తర్వాత మళ్లీ డబ్బా వచ్చింది, ఈసారి మూత మీద "తినేది కాదు" అని రాసి. పురుగుల గుడ్లు లేవు. నెమలి ఇంకా వస్తోందా అని అడిగాను. "వస్తా ఉంది సార్. గోడ మీదే కూర్చుని గూడు వైపు చూసి చూసి ఎగిరిపోతా ఉంది" అంది.