షీట్ మ్యూజిక్ ప్రింట్ సరిగ్గా రావట్లేదా? అవే ఫైళ్లు నాలుగు దారుల్లో ప్రింట్ తీసి చూశా

ఈ కాగితం చూడండి. కెమెరాకి దగ్గరగా పెడతా. పియానో పీస్, మొదటి పేజీ. పైనుంచి నాలుగు వరసలు శుభ్రంగా ఉన్నాయి. ఐదో వరసకి వచ్చేసరికి కుడిచేతి స్టాఫ్, అంటే నోట్స్ రాసే ఐదు గీతల కట్ట, ఉంది, ఎడమచేతి స్టాఫ్ సగంలో తెగిపోయింది. కింది రెండు గీతలు అసలు కాగితం మీదే లేవు. ఇది నేనెప్పుడు గమనించానంటారా? స్టాండ్ మీద పెట్టి వాయిస్తూ సరిగ్గా ఆ వరసకి వచ్చాక. పాడేవాళ్లు పాడుకుంటూ వెళ్లిపోయారు, నా ఎడమచెయ్యి గాల్లో ఉండిపోయింది.

అందరికీ నమస్కారం. కొత్త ప్రింటర్ కోసం చూడకండి, ఇవాళ ప్రింటర్ రివ్యూ కాదు. అవే షీట్ మ్యూజిక్ ఫైళ్లని, అంటే నోట్స్ గుర్తుల్లో రాసిన సంగీతాన్ని, నాలుగు దారుల్లో ప్రింట్ తీశా. బ్రౌజర్‌లోంచి నేరుగా ఒకసారి, అడోబీ రీడర్‌లోంచి ఒకసారి, సుమత్రా పీడీఎఫ్ అనే ఇంకో పీడీఎఫ్ రీడర్‌లోంచి ఒకసారి, అవే పీసుల నొటేషన్ ఫైళ్లతో, నోట్స్ రాసే నొటేషన్ ప్రోగ్రామ్ మ్యూజ్‌స్కోర్‌లోంచి ఒకసారి. ప్రింటర్ అదే, కాగితం అదే, వైరు కూడా అదే. బయటికొచ్చిన కాగితాలు మాత్రం నాలుగు రకాలు. ఇన్నాళ్లూ పాపం ఆ ప్రింటర్‌ని నేను ఊరికే తిట్టాను.

మొదలుపెట్టే ముందు ఒక్క అలవాటు చేసుకోండి. తప్పు మొదట ఎక్కడ కనబడుతోందో చూడండి. ఫైల్ తెరిచి 400 శాతం జూమ్ చేయండి. అక్కడే తప్పుంటే ఫైల్‌దే దోషం, ప్రింటర్‌తో పని లేదు. ఫైల్ బాగుండి ప్రింట్ ప్రివ్యూలో చెడిందా, సెట్టింగ్ తప్పు. ప్రివ్యూ కూడా బాగుండి కాగితం మీద మాత్రమే చెడిందా, అప్పుడు డ్రైవర్‌నో (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కి పేజీని అందించే సాఫ్ట్‌వేర్) ప్రింటర్‌నో అనుమానించండి. ఇది చూడకుండా కార్ట్రిడ్జ్ మార్చేవాళ్లని చాలామందిని చూశా. నేనూ మార్చా.

సరే, ఆ తెగిపోయిన ఎడమచెయ్యి సంగతి. ఫైల్ ఏ4 సైజులో ఉంది, అంటే 210 బై 297 మిల్లీమీటర్లు. ట్రేలో కాగితమూ ఏ4 యే. కానీ ప్రింటర్ సెట్టింగ్‌లో పేపర్ సైజ్ లెటర్ అని ఉండిపోయింది. లెటర్ అంటే అమెరికాలో వాడే కాగితం సైజు, 216 బై 279. ఎత్తులో 18 మిల్లీమీటర్లు తక్కువ. మామూలు పియానో స్టాఫ్ ఎత్తు 7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ 18లో ఒక స్టాఫ్ పూర్తిగా మాయమైపోయి, పైన ఇంకా చోటు మిగులుతుంది. ఉత్తరమో బిల్లో అయితే కింద అంచు పోయినా ఎవరికీ పట్టదు. షీట్ మ్యూజిక్‌లో అలా కాదు, పేజీని అంచుదాకా నింపుతారు. అందుకే ఈ రోగం మనకే ఎక్కువ.

అందుకని ముందు చూడాల్సింది పేపర్ సైజ్. మూడు చోట్లా ఒకటే ఉండాలి: ఫైల్‌లో, ప్రింట్ విండోలో, ప్రింటర్ ట్రేలో. ఆ తర్వాత స్కేలింగ్. అడోబీ రీడర్‌లో మూడు మాటలు కనబడతాయి: ఫిట్, యాక్చువల్ సైజ్, ష్రింక్ ఓవర్‌సైజ్‌డ్ పేజెస్. చాలామంది అలవాటుగా ఫిట్ కొట్టేస్తారు. ఫిట్ అంటే ప్రింటర్ అచ్చువేయగలిగిన చోటులోకి పేజీని కుదించడం లేదా సాగదీయడం. లెటర్ పేజీని ఏ4 మీద వేస్తే వెడల్పు కోసమే 97 శాతానికి దిగుతుంది. ప్రింటర్ అంచుల్లో నాలుగైదు మిల్లీమీటర్లు వదిలేస్తుంది కాబట్టి ఇంకాస్త తగ్గుతుంది. పోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆర్కెస్ట్రా పార్టులు, అంటే ఒక్కో వాద్యానికి విడిగా ఇచ్చే కాగితాలు, తరచూ 9 బై 12 అంగుళాల పేజీకి వేస్తారు. దాన్ని ఏ4కి కుదిస్తే 92 శాతం దగ్గర ఆగుతుంది. 8 మిల్లీమీటర్ల స్టాఫ్ 7.3 అవుతుంది, అది చదవొచ్చు. మొదటే 7 ఉన్నది 6.4 అయితే మాత్రం స్టాండ్ దూరంలో కళ్లు చికిలించాల్సిందే.

నా సలహా ఏంటంటే, ఫైల్, కాగితం ఒకే సైజైతే యాక్చువల్ సైజ్ పెట్టండి. అంచులు తెగుతుంటేనే ష్రింక్‌కి వెళ్లండి. ఒక్క పేజీ ప్రింట్ తీసి స్కేలు పెట్టి స్టాఫ్ కొలవండి, పై గీత నుంచి కింది గీత దాకా. ఇదిగో, నాది 7 మిల్లీమీటర్లు. ఇంతకన్నా మంచి టెస్ట్ పేజీ లేదు. బ్రౌజర్‌లోంచి తీసేవాళ్లు స్కేల్ దగ్గర డిఫాల్ట్ అని వదిలేయకండి, కస్టమ్ పెట్టి 100 అని కొట్టండి.

ఇక నాకు బాగా ఇష్టమైన తప్పు. ఇష్టం అని ఎందుకన్నానంటే చూస్తే నవ్వొస్తుంది. స్క్రీన్ మీద చూడండి. ట్రెబుల్ క్లెఫ్ (క్లెఫ్ అంటే స్టాఫ్ మొదట్లో వేసే గుర్తు) ఉండాల్సిన చోట అండ్ గుర్తు ఉంది. బేస్ క్లెఫ్ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం. నోట్ తలల చోట ఓ, ఈ రెండూ అతుక్కున్నట్టుండే ఒక వింత అక్షరం. పేజీ అంతా ఎవరో కోపంలో కీబోర్డ్ మీద కొట్టినట్టుంది. ఇది వైరస్ కాదండీ. పాత నొటేషన్ ప్రోగ్రాముల్లో మ్యూజిక్ గుర్తులన్నీ ఒక ఫాంటే. ఆ ఫాంట్‌లో అండ్ గుర్తు ఉండే చోట ట్రెబుల్ క్లెఫ్ బొమ్మ గీశారు, ప్రశ్నార్థకం చోట బేస్ క్లెఫ్, హ్యాష్ చోట షార్ప్, చిన్న బీ చోట ఫ్లాట్. గుర్తుపెట్టుకోవడానికి తేలిగ్గా ఉంటుందని అలా పెట్టారు. ఫాంట్ పీడీఎఫ్ లోపల ఉన్నంతకాలం అంతా సవ్యం. లేకపోతే కంప్యూటర్ ఏదో మామూలు ఫాంట్ తెచ్చి అతికిస్తుంది, మన క్లెఫ్‌కి అసలు రూపం బయటపడుతుంది.

కనుక్కోవడం ఎలా? అడోబీ రీడర్‌లో కంట్రోల్ డీ నొక్కండి. ఫాంట్స్ అనే ట్యాబ్‌లో ఓపెస్, మాయెస్ట్రో, పెట్రూచి, బ్రవూరా లాంటి పేర్లు కనబడతాయి. పక్కన ఎంబెడెడ్ అని ఉండాలి, అంటే ఫాంట్ పీడీఎఫ్ లోపలే ఉందని. ఎంబెడెడ్ అని లేకపోతే మీరు ఎన్ని కుస్తీలు పట్టినా లాభం లేదు, ఫైల్ పంపినవాళ్లని ఫాంట్లు ఎంబెడ్ చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయమని అడగండి. ఎంబెడెడ్ అని ఉండీ, స్క్రీన్ మీద చక్కగా కనబడీ, కాగితం మీద మాత్రం చెత్తగా వస్తుంటే డ్రైవర్ ఆ ఫాంట్‌ని సరిగ్గా అందించడం లేదన్నమాట. దానికి మందుంది. ప్రింట్ విండోలో అడ్వాన్స్‌డ్ నొక్కి, ప్రింట్ యాజ్ ఇమేజ్ టిక్ పెట్టండి. ఇప్పుడు పేజీని కంప్యూటరే బొమ్మగా మార్చి పంపుతుంది, ఫాంట్ గొడవే ఉండదు. రిజల్యూషన్ 600 పెట్టండి. కొంచెం నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తుంది.

పెట్రూచి అన్నాను కదా, చిన్న ముచ్చట. ఒత్తావియానో పెట్రూచి 1501లో వెనిస్‌లో బహుళ స్వరాల పాటల పుస్తకం అచ్చువేశాడు. ఒకే కాగితాన్ని మూడుసార్లు ప్రెస్‌లో పెట్టేవాడట: ఒకసారి గీతలకి, ఒకసారి నోట్స్‌కి, ఒకసారి అక్షరాలకి. కాగితం వెంట్రుకవాసి జరిగినా నోట్ పక్క గీత మీద కూర్చుంటుంది, రాగమే మారిపోతుంది. ఆయన ముందు మన పేపర్ జామ్ ఎంత చెప్పండి.

గీతల సంగతికొద్దాం. స్క్రీన్ మీద స్టాఫ్ గీతలు కొన్ని లావుగా, కొన్ని సన్నగా కనబడతాయి, ఒక్కోసారి ఒక గీత మాయమైపోతుంది. దాన్ని చూసి కంగారుపడొద్దు. మామూలు మానిటర్‌లో ఒక పిక్సెల్ పావు మిల్లీమీటర్ ఉంటుంది. స్టాఫ్ గీత మందం అంతకన్నా తక్కువ, 0.2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. పిక్సెల్‌లో పట్టని గీతని స్క్రీన్ ఎలాగోలా చూపిస్తోంది, అంతే. 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటర్‌కి అదే గీత నాలుగైదు చుక్కల మందం. జూమ్ చేసి చూస్తే అన్నీ సమానంగా ఉంటాయి. కాగితం మీద కూడా గీతలు చుక్కలు చుక్కలుగా తెగుతున్నాయంటే ముందు టోనర్ సేవ్, డ్రాఫ్ట్ మోడ్ తీసేయండి. పొదుపు మంచిదే, కానీ ఆ పొదుపు ముందు సన్నగీతలనే మింగుతుంది.

అంతా మసకగా వస్తోందా? రెండు కారణాలు చూడండి. మొదటిది, అది అసలు పీడీఎఫ్ కాదేమో. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్‌కి ఇచ్చేవాళ్లున్నారు. 1080 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మని ఏ4 వెడల్పుకి సాగదీస్తే 130 డీపీఐ వస్తుంది. పదహారో వంతు నోట్ల గుంపు ఇంకు మరకలా తయారవుతుంది. రెండోది ఎవరూ చూడనిది. పీడీఎఫ్ తయారుచేసినవాళ్లు ప్రింటింగ్‌ని 150 డీపీఐకే పరిమితం చేయొచ్చు. ఇందాకటి కంట్రోల్ డీ విండోలోనే సెక్యూరిటీ ట్యాబ్‌లో లో రిజల్యూషన్ అని ఉంటుంది. నాట్ అలౌడ్ అనీ ఉండొచ్చు. డబ్బిచ్చి కొన్న ఫైలే అయితే అమ్మినవాళ్లకి రాయండి, వాళ్లే సరిచేయాలి. లాక్ విరగ్గొట్టే సాఫ్ట్‌వేర్లు నేను చూపించను, అడగొద్దు.

కొన్నవాటిలో ఇంకో తిరకాసు ఉంది. కొన్ని చోట్ల పీడీఎఫ్ ఇవ్వరు, వాళ్ల విండోలోంచి లెక్కపెట్టినన్ని కాపీలే ప్రింట్ తీయనిస్తారు. ప్రింట్ నొక్కాక కాగితం ఇరుక్కున్నా లెక్క తగ్గిపోతుంది. అందుకే ముందు వేరే ఏదైనా పేజీ ప్రింట్ తీసి, ప్రింటర్ బుద్ధిగా ఉందని తేలాకే దాన్ని ముట్టుకోండి.

స్కాన్ చేసిన పాత ఎడిషన్లు. పాత సంగీతం షీట్లు దొరికే ఐఎమ్ఎస్ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉండేవి చాలావరకు ఇవే. ఇక్కడ ప్రింటర్ మధ్యలో ఆగిపోవడం, సగం పేజీ తెల్లగా రావడం మామూలు. ఫైల్ చూస్తే చిన్నదే ఉంటుంది. కానీ 600 డీపీఐ ఏ4 పేజీ అంటే దాదాపు 3 కోట్ల 48 లక్షల పిక్సెళ్లు. కంప్రెషన్ విప్పితే, నలుపుతెలుపు స్కాన్ 4 మెగాబైట్ల పైచిలుకు, అదే రంగుల స్కాన్ 104 మెగాబైట్లు. ఒక్క పేజీకి! చిన్న ప్రింటర్ మెమరీ ఎక్కడ ఆనుతుంది? ఐదేసి పేజీలుగా పంపండి. రంగుల స్కాన్ అయితే ముందు నలుపుతెలుపులోకి మార్చుకోండి. మార్చితే ఇంకో లాభం, వెనకున్న బూడిదరంగు పోతుంది, టోనర్ మిగులుతుంది. గ్రేస్కేల్ కాదు సుమా, అది ఆ మురికిని అలాగే ఉంచేస్తుంది.

టాబ్లెట్‌లో రాసుకున్న ఫింగరింగ్‌లు (ఏ వేలితో వాయించాలో చెప్పే అంకెలు) కాగితం మీద రావట్లేదా? అవి పేజీలో భాగం కావు, పైన అతికించిన మార్కప్. అడోబీలో కామెంట్స్ అండ్ ఫార్మ్స్ దగ్గర డాక్యుమెంట్ అండ్ మార్కప్స్ ఎంచుకోండి.

రెండువైపులా ప్రింట్ తీసేటప్పుడు ఫ్లిప్ ఆన్ లాంగ్ ఎడ్జ్ ఉండాలి, లేకపోతే వెనక పేజీ తలకిందులు. ఇంకొకటి, ఇది వాయించేవాళ్లకే తెలిసే బాధ. పేజీ తిప్పడానికి వీలుగా విరామం ఎక్కడ రావాలో చూసి పేజీలు వేస్తారు. కవర్ పేజీ దండగ అని మీరు దాన్ని వదిలేసి ప్రింట్ తీస్తే ఎడమ పేజీ కుడి అవుతుంది, తిప్పాల్సిన చోటు సరిగ్గా వేగమైన రన్ మధ్యలో వచ్చి కూర్చుంటుంది. కవర్ వద్దనుకుంటే దాని బదులు ఒక ఖాళీ పేజీ పెట్టండి.

ఇక నాలుగు దారుల మీద నా తీర్పు. బ్రౌజర్: ఒకటి రెండు పేజీలకి, తొందరలో ఉన్నప్పుడు, స్కేల్ 100 పెట్టుకుంటే పర్లేదు. సుమత్రా పీడీఎఫ్: విండోస్‌లోనే, చాలా తేలిక, పేజీని బొమ్మగా మార్చే పంపుతుంది కాబట్టి ఫాంట్ గొడవ నాకు ఒక్కసారీ రాలేదు. బుక్‌లెట్ (పుస్తకంలా మడతపెట్టేలా ప్రింట్ తీయడం) లాంటి సౌకర్యాలు తక్కువ. అడోబీ రీడర్: బరువు, తెరిచిన ప్రతిసారీ ఏదో ఒకటి అమ్మజూపుతుంది, నాకు విసుగు. అయినా ఫాంట్స్, సెక్యూరిటీ, ప్రింట్ యాజ్ ఇమేజ్, మార్కప్స్, బుక్‌లెట్ అన్నీ ఒకేచోట ఉన్నది అందులోనే. సమస్య వచ్చినప్పుడు నేను వెళ్లేది అక్కడికే.

మ్యూజ్‌స్కోర్ సంగతి వేరు. మీ దగ్గర నొటేషన్ ఫైలే ఉంటే ఇంకేదీ వద్దు, స్టాఫ్ సైజ్, పేజీ సైజ్ రెండూ మీ చేతిలోనే ఉంటాయి. కుదించడం కాదు, పేజీని మళ్లీ పేర్చుతుంది. 1988 నుంచి ఉన్న ఫినాలే అనే నొటేషన్ ప్రోగ్రామ్‌ని ఆపేస్తున్నట్టు 2024 ఆగస్టులో ప్రకటించారు కదా, మీ దగ్గర ఆ ఫైళ్లుంటే ప్రోగ్రామ్ తెరుచుకుంటున్నప్పుడే ప్రతిదాన్నీ పీడీఎఫ్‌గా ఒకసారి, మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా (వేరే నొటేషన్ ప్రోగ్రాములూ తెరవగలిగే ఫైల్) ఒకసారి దాచుకోండి. మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో నోట్స్ భద్రంగా వస్తాయి, పేజీ అమరిక చెదురుతుంది. రెండూ ఎందుకంటే అందుకే.

ఇదిగో, మొదట చూపించిన ఆ పేజీ. సెట్టింగ్‌లో లెటర్ తీసి ఏ4 పెట్టా, యాక్చువల్ సైజ్, ఇంకేం మార్చలేదు. ఐదో వరస, ఎడమచెయ్యి, ఐదు గీతలూ వచ్చాయి. స్టాండ్ మీద పెడుతున్నా, ఆ వరస ఒక్కటి వాయించి వినిపిస్తా.