స్టిక్కరు తీశాక ఐదు నిమిషాలు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు సంగతి మా ఇంట్లోనే పుట్టింది. కాకినాడలో ఉంటున్న మా అమ్మకు రెండేళ్ల కిందట రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టించాము. అవి ఆవిడ చెవుల్లో కంటే డబ్బాలోనే ఎక్కువ సేపు ఉంటున్నాయని మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు గమనించాను. ఎందుకమ్మా అని అడిగితే, "పగలంతా నాతో మాట్లాడేదెవరురా, మిషనులో సెల్లు దండగ" అన్నది. అందుకే వినికిడిని పరీక్షించి మిషన్లు అమర్చే నిపుణురాలు, ఒక ఆడియాలజిస్టు గారిని మాట్లాడమని పిలిచాను. మేడమ్, నమస్కారం.

ఆడియాలజిస్టు: నమస్కారమండీ. మీ అమ్మగారి మాటను నేను వారానికి ఇద్దరు ముగ్గురి నోట వింటూనే ఉంటాను. ఆ మాటకు జవాబు చెప్పాలంటే ముందు ఆ సెల్లు సంగతి చెప్పాలి. అది చేతి గడియారంలో వేసే సెల్లు లాంటిది కాదు. దాన్ని జింక్-ఎయిర్ సెల్లు అంటారు. లోపల జింకు పొడి, క్షార ద్రవం ఉంటాయి కానీ, జింకుతో కలిసి కరెంటు పుట్టించవలసిన ఆక్సిజన్ మాత్రం బయటి గాలి నుంచే రావాలి. ప్లస్ గుర్తున్న వైపు సూదిమొనంత రంధ్రాలుంటాయి, వాటిని మూస్తూ రంగు స్టిక్కరు ఉంటుంది. వాడిన కొద్దీ గాలిని పట్టుకుంటుంది గనుక, అయిపోయిన సెల్లు కొత్త సెల్లు కంటే పిసరంత బరువు తూగుతుందంటే చాలామంది నమ్మరు.

వ్యాఖ్యాత: మా అమ్మ ఆ స్టిక్కర్లను పారేయకుండా డబ్బా మూతకు అంటించి ఉంచుతుంది. రాత్రి సెల్లు తీసి, స్టిక్కరు మళ్లీ అతికించి పడుకుంటుంది. ఆవిడ పొదుపు చూసి నేను ముచ్చటపడ్డాను కూడా.

ఆడియాలజిస్టు: పాపం, ఆ శ్రమ వృథా అండీ. స్టిక్కరు ఊడదీశాక గాలి, తేమ లోపలికి చేరిపోతాయి. మళ్లీ అతికించినా మొదటి బిగువు రాదు, పైగా అరిగిన జిగురు రంధ్రాలకు అడ్డం పడవచ్చు. గాలి తగిలిన సెల్లు, మిషను డబ్బాలో పడి ఉన్నా సరే, కొన్ని వారాల్లో తనంతట తానే నీరసపడుతుంది. అంటే వినకుండా కూర్చుని ఆవిడ మిగిల్చుకుంటున్నది చాలా కొద్ది.

వ్యాఖ్యాత: మరి నిజంగా పనికివచ్చే ఉపాయం ఏది?

ఆడియాలజిస్టు: ఖర్చు లేనిది ఒకటుంది. చేతులు కడిగి, పొడిగా తుడుచుకుని స్టిక్కరు తీయాలి. ఎందుకంటే వేలికి అంటిన నూనె ఆ రంధ్రాలను మూసేస్తుంది. తీసిన సెల్లును ప్లస్ వైపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు వదిలేసి, ఆ తరువాతే మిషనులో వేయాలి. గాలి లోపలికంతా చేరి వోల్టేజి 1.4 వోల్టుల దగ్గర నిలదొక్కుకోవడానికి ఆ వ్యవధి కావాలి. తీసీ తీయగానే వేసి తలుపు మూస్తే మిషను మొరాయిస్తుంది. కొత్త సెల్లే పాడైపోయిందనుకుని పారేసేవాళ్లను నేను చూశాను.

వ్యాఖ్యాత: ఇంతకీ ఒక సెల్లు ఎన్నాళ్లు రావాలి మేడమ్? ఆ లెక్క తెలియకనే అమ్మకు బెంగ.

ఆడియాలజిస్టు: మీ అమ్మగారి సెల్లు స్టిక్కరు ఏ రంగుదో చెప్పండి.

వ్యాఖ్యాత: గోధుమ రంగు.

ఆడియాలజిస్టు: అయితే అది 312 నంబరు. పసుపు రంగుది 10, నారింజ రంగుది 13, నీలం రంగుది 675. 312, 13 సెల్లుల వెడల్పు ఒకటే, 7.9 మిల్లీమీటర్లు, మందంలోనే తేడా. అందువల్ల దుకాణంలో రంగు చూసి అడగడం మేలు. 312 సెల్లులో సుమారు 170 మిల్లీఆంపియర్-గంటల కరెంటు నిల్వ ఉంటుంది. అందులోంచి మిషను గంటకు ఒకటిన్నర చొప్పున లాగుతుందనుకుంటే నూటపది గంటలకు పైగా వస్తుంది, అంటే రోజుకు పద్నాలుగు గంటలు పెట్టుకున్నా ఎనిమిది రోజులు. వినికిడి లోపం ఎక్కువై మిషను గట్టిగా పనిచేయవలసి వస్తే అది ఐదారు రోజులకు తగ్గడం లోపమేమీ కాదు. ఫోను మాటలను, టీవీని బ్లూటూత్ ద్వారా నేరుగా మిషనులోకి పంపేవాళ్లకు ఇంకా త్వరగా అయిపోతుంది.

వ్యాఖ్యాత: నేను చేసిన ఒక ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. వేసవిలో ఎండకు పాడవుతాయని ఏడాదికి సరిపడా సెల్లులు కొని ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన పెట్టి వచ్చాను.

ఆడియాలజిస్టు: (నవ్వుతూ) చల్లటి సెల్లును కాకినాడ ఉక్కపోతలోకి తెస్తే దాని మీద చెమ్మ పడుతుంది, స్టిక్కరు జిగురు వదులుతుంది. ఎండ తగలని బీరువా అర చాలు. స్టిక్కరు ఊడని సెల్లు దాదాపు మూడేళ్లు నిలుస్తుంది గనుక పాకెట్టు మీద తేదీ చూసి కొనండి. విడి సెల్లును చిల్లర నాణేలతో పాటు పర్సులో వేసుకుంటే లోహానికి లోహం తగిలి షార్టయి ఖాళీ అవుతుంది. అన్నట్టు, మనవలు మింగే ప్రమాదం ఉంటుంది. మింగారని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

వ్యాఖ్యాత: ఉక్కపోత అన్నారు. సముద్రం పక్కనున్న ఊళ్లో తేడా ఉంటుందా?

ఆడియాలజిస్టు: తప్పకుండా ఉంటుంది. తేమ ఎక్కువైతే సెల్లు దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, ఒక్కోసారి మిషను తలుపులో ఇరుక్కుపోతుంది. కర్నూలు ఎండలోనో, రోజంతా ఏసీ నడిచే గదిలోనో దీనికి తలకిందులుగా లోపలి ద్రవం ఆరిపోతుంది. గాలిని మనం మార్చలేము కానీ, రాత్రి పడుకునే ముందు సెల్లు తలుపు పూర్తిగా తెరిచి పెట్టవచ్చు. దానివల్ల కరెంటు లాగడం ఆగుతుంది, చెమట తడి కూడా ఆరుతుంది. సిలికా గుళికల డబ్బాలో మిషను ఆరబెట్టేవాళ్లు మాత్రం సెల్లును తీసి బయట ఉంచాలి, లేకపోతే ఆ గుళికలు సెల్లులోని తేమను కూడా లాగేస్తాయి.

వ్యాఖ్యాత: మా అమ్మ ఎడమ మిషను కుయ్‌మని కూస్తూ ఉంటుంది. దానికీ సెల్లుకూ సంబంధం ఉందా?

ఆడియాలజిస్టు: ఉండవచ్చు. చెవిలో పెట్టుకునే మిషను కొనలో గులిమి చేరితే మాట మందగిస్తుంది, దాంతో శబ్దం పెంచుకుంటారు. చెవిలో కొన వదులుగా ఉంటే ఆ పెంచిన శబ్దం బయటికి వచ్చి మళ్లీ మైకులో పడి కూత పెడుతుంది. అంతసేపూ సెల్లు ఖర్చవుతూనే ఉంటుంది.

వ్యాఖ్యాత: చార్జింగు మిషన్లు వచ్చాయి కదా, ఈ బెడద వాటితో పోతుందేమో?

ఆడియాలజిస్టు: వేళ్లు వణికేవాళ్లకు అవి సుఖం. కానీ లోపలి లిథియం బ్యాటరీ కూడా కొన్నేళ్లకు బలహీనపడుతుంది, చాలా వాటిలో దాన్ని మనం ఇంట్లో మార్చలేము. పెద్దవాళ్లలో చాలామంది చేతికి వచ్చేది ఇప్పటికీ సెల్లు మిషనే. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తున్నారు. యంత్రం ఉచితంగా వచ్చినా దాన్ని నడపడానికి వారం వారం సెల్లు కావాలి. అందుకే వాళ్లతో ఈ లెక్క నేను తప్పక మాట్లాడతాను.

వ్యాఖ్యాత: ఆ స్టిక్కర్లను పారేయమని అమ్మకు చెప్పనా?

ఆడియాలజిస్టు: వద్దండీ, మంచి పని ఉంది వాటికి. సెల్లు మార్చిన రోజున స్టిక్కరును వంటింటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో అంటించి, కుడికి "కు", ఎడమకు "ఎ" అని రాయమనండి. కుడి చెవి సెల్లు ఎనిమిది రోజులు వచ్చి, ఎడమది నాలుగు రోజులకే అయిపోతుంటే, కూత పెట్టే ఆ ఎడమ మిషనుతో పాటు క్యాలెండరును కూడా ఆవిడ పరీక్షకు వెళ్లేచోటికి తీసుకువెళ్లండి.