రక్తంలో మందు ఎంత ఉంది?

శ్రోతలకు నమస్కారం.

“ఇప్పుడే కదా సార్ రక్తం తీసినారు, మళ్లీ ఎందుకు?” లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లల్ని వైద్యానికి తిరుపతి తీసుకొచ్చే తల్లులు తరచుగా అడిగే మాట ఇది. పలమనేరు నుంచో పీలేరు నుంచో బస్సెక్కి వచ్చి, సూది చూస్తేనే ఏడ్చే బిడ్డను ఒళ్లో అదిమి పట్టుకున్న తల్లికి ఆ కోపం న్యాయమే.

బిడ్డ ఎత్తు, బరువు చూసి మోతాదు లెక్కగడతాం. అయితే అదే మోతాదు ఇద్దరు పిల్లల ఒంట్లో ఒకే తీరుగా నడవదు. ఒకరి కిడ్నీలు మందును చకచకా బయటికి పంపేస్తాయి. ఇంకొకరిలో అది తిష్ట వేస్తుంది. పైకి చూస్తే ఇద్దరూ బాగానే ఆడుకుంటుంటారు! అందుకే రక్తం మళ్లీ తీసి, అందులో మందు ఎంత ఉందో కొలుస్తాం.

మెథోట్రెక్సేట్ అనే లుకేమియా మందునే ఉదాహరణగా చూడండి. ఈ జాతి మందుల వెనుక మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. 1948లో అమెరికాలో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల మీద ఫలితం చూపించిన అమినోప్టెరిన్ అనే ఇదే జాతి మందు, సుబ్బారావు గారు నడిపిన పరిశోధన విభాగం నుంచి వెళ్లిందే. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఇంకాస్త చోటు ఉండాలి, అది వేరే సంగతి.

పసుపురంగులో ఉండే ఈ మందును పెద్ద మోతాదులో ఇచ్చేటప్పుడు, చాలాచోట్ల 24 గంటలపాటు సన్నగా ఎక్కిస్తారు. అది ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడి క్యాన్సర్ కణాలను మాడుస్తుంది. ఎక్కువసేపు నిలిచిపోతే నోటి పొరను, మూలుగను, కిడ్నీలను కూడా వదలదు. అందుకే మందు మొదలుపెట్టిన 42వ గంట ప్రాంతంలో ల్యూకోవోరిన్ అనే విరుగుడు మొదలుపెడతాం. ముందే ఇస్తే క్యాన్సర్ కణాలూ బతికిపోతాయి, ఆలస్యమైతే బిడ్డ నోరంతా పుండ్లు. ఆ విరుగుడు ఎంత, ఎన్నాళ్లు అన్నది రక్తంలో మిగిలిన మందే చెబుతుంది. అది లీటరుకు 0.1 లేదా 0.2 మైక్రోమోల్ కంటే దిగేదాకా ఇంటికి పంపరు.

అలా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ సెలైన్ పోతూనే ఉంటుంది. మూత్రం పోసిన ప్రతిసారీ జగ్గులో కొలిచి, చిన్న కాగితం ముంచి రంగు చూస్తారు. మూత్రంలో క్షారగుణం తగ్గితే మందు కిడ్నీల్లో గడ్డకట్టవచ్చు. రక్తం మాత్రం మందు ఎక్కిన లైన్ నుంచి తీయకూడదు, అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. అందుకే సిస్టర్ ఇంకో చేతికి సూది వేస్తుంది. తీసిన టైం ట్యూబు మీద సరిగ్గా రాయాలి, ఏ గంటదో తెలియని అంకెతో ఏమీ తేల్చలేం. ఈ గంటల్లో బ్రూఫెన్‌లాంటి నొప్పి మాత్రలు, గ్యాస్ మాత్రలు మీ అంతట మీరు వేయకండి. అవి మందును లోపలే ఆపేస్తాయి.

తర్వాత నెలల తరబడి ఇంట్లో మాత్రలు: రోజూ మెర్కాప్టోప్యూరిన్ అనే ఇంకో లుకేమియా మందు, వారానికి ఒక్కసారే మెథోట్రెక్సేట్. కొందరు పిల్లలకు మెర్కాప్టోప్యూరిన్‌ను అరిగించే ఎంజైమ్ పుట్టుకతోనే బలహీనం. వాళ్లకు మామూలు మోతాదే విషమై తెల్లకణాలు పడిపోతాయి. ఇక్కడ మాకు దారి చూపేది కౌంట్స్ పరీక్ష, అంటే రక్తకణాల లెక్క. కౌంట్ అస్సలు తగ్గకపోతే మోతాదు చాలడం లేదేమో, లేదా బిడ్డ మాత్ర ఉమ్మేస్తోందేమో. అడిగితే నిజం చెప్పండి, ఎవరూ తిట్టరు. మీరు దాచిపెడితే మేం మోతాదు పెంచేస్తాం.

ఇంట్లో టీటీడీ క్యాలెండర్ ఉంటుంది కదా. వారపు మాత్ర రోజుకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఆ మాత్ర పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రాత్రి మాత్ర వేశాక టిక్కు పెట్టండి. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండింతలు వేయకుండా వార్డుకు ఫోన్ చేయండి.