పూత రాల్చే నూనె

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. కమిటీ పెద్దలకు, పొద్దున్నే లేచి పచ్చడి కలిపిన ఆడపడుచులకు, పిల్లల డాన్సు కోసం నన్ను భరిస్తున్న తల్లిదండ్రులకు నమస్కారం. వసంతం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను మాట్లాడేది మాత్రం ఆపిల్ పూతను నూనె కొట్టి రాల్చడం గురించి. పండగపూట ఇదేం మాట అనుకోకండి.

కొండలు దాటి మన వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా వెళ్తే ఏప్రిల్‌లో తోటలన్నీ తెల్లగా ఉంటాయి. ఆ పూతలో నూటికి ఐదారు నిలిచినా నిండు కాపే. ఎక్కువ నిలిస్తే కాయ ఊరదు. పైగా గింజల్లో పుట్టే జిబ్బరెల్లిన్ అనే హార్మోను వచ్చే ఏటి పూమొగ్గను అణిచేస్తుంది. ఏడు విడిచి ఏడు కాపు ఇక్కడా ఉంది. చేత్తో తుంచాలంటే నిచ్చెనలు, కూలీలు, ఖర్చు.

నూనె పని ఇదీ. గుత్తిలో నడిమి పువ్వు ముందు విచ్చుకుంటుంది. అది ఫలదీకరణ చెందాక, వెనక విచ్చినవాటి మీద కొడితే అవి మాడి రాలిపోతాయి. వెస్ట్ వర్జీనియాలో వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు లవంగ నూనెలోని యూజినాల్ అనే పదార్థంతో ఆపిల్, పీచ్ మీద చేసి చూశారు. టెనెస్సీలో పీచ్ చెట్లకు చలికాలంలోనే సోయా నూనె కొట్టారు. కొన్ని మొగ్గలు పోయాయి, మిగిలినవి ఆలస్యంగా విచ్చాయి.

ఇంత తంటా ఎందుకు, మందు లేదా అంటారు. ఉంది. నేనెప్పుడూ ఆగిపోయేది ఆ మందు దగ్గరే. కార్బరిల్. అమ్మిన పేరు సెవిన్. పురుగుమందే, పిందెలనూ రాలుస్తుందని తెలిసి దశాబ్దాలుగా ఆపిల్ తోటల్లో కొట్టారు. తేనెటీగలకు విషం.

1984 డిసెంబరుకు పుట్టినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. భోపాల్ ఫ్యాక్టరీ తయారుచేసింది ఈ సెవినే. ఆ రాత్రి లీకైన విషవాయువు, మిథైల్ ఐసోసయనేట్, దీని ముడిసరుకు. వేలమంది పోయారు. మన దేశంలో కార్బరిల్‌ను నిషేధించింది ఎప్పుడో తెలుసా? 2018లో! ముప్పై నాలుగేళ్ళు, అమ్మా, ముప్పై నాలుగేళ్ళు!

సరే, టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. ఒక్క మాట. నూనె కూడా సాధువేం కాదు. ‘మొక్కల నుంచి తీసిందే సార్, ఎంత కొట్టినా ఏం కాదు’ అని ఒక డీలర్ నాతోనే అన్నాడు. లవంగ నూనె మోతాదు మించితే ఆకు మాడుతుంది. పూత రాల్చాక మంచు పడితే ఉన్నదీ పోతుంది. నూజివీడులో నాన్నగారికి ఫోన్ చేసి మామిడికి కొట్టమని చెప్పకండి. మామిడి తన పూత తానే రాల్చుకుంటుంది. జామకైతే వానాకాలం కాపు వద్దనుకున్న రైతులు పది శాతం యూరియా కొట్టి పూత రాల్చే పద్ధతి మనకుంది, అది అడిగితే చెప్తాను.

వచ్చే నెల ఫొటోలకు తోటల వైపు వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర బోర్డు చూడండి. మందు కొట్టారని ఉంటే పిల్లల్ని కారు దింపకండి.